మూడడుగుల నేల

నవంబరు మొదటి సోమవారం
కోర్టు ముందరి పచ్చికను కాగితం మీద గళ్ళుగా గీసి
గోడకు అంటిస్తాను.
పన్నెండు గళ్ళు. ముందొచ్చినవాళ్ళకు ముందు.
ఒహాయోలో ఈ చిన్న ఊళ్ళో
దేవుళ్ళకు జాగా రాసిచ్చే గుమాస్తాను నేను.

ఫారంలో నేను అడగగలిగినవి నాలుగే:
పొడవెంత, వెడల్పెంత, ఎత్తెంత,
కరెంటు కావాలా.
ఎవరి దేవుడని అడిగితే ఉద్యోగం పోతుంది.

ఈ సంగతి మొదటిరోజు చెప్పినప్పుడు
కుర్చీలో కాస్త వెనక్కి వాలాను.
మా వైపు
పేరడిగి, ఇంటిపేరడిగి,
ఊళ్ళో ఏ వీధి అనడిగి,
అసలు ప్రశ్న చుట్టూ ప్రదక్షిణలు చేసి
మంచినీళ్ళు ఏ గ్లాసులో ఇవ్వాలో తేల్చుకునేవాళ్ళు.
ఇక్కడ అడగకూడదట.
చట్టం నా పెదాల మీద వేలు పెట్టింది.
ఆ వేలు చల్లగా ఉంది.

మొదట వచ్చేది ఎప్పుడూ వెర్లిన్ స్ట్రౌడ్.
వాళ్ళ నాన్న రంపం పట్టి కోసిన పశువులపాక,
చెవి విరిగితే జిగురుపెట్టి అతికించిన గాడిద,
గుడ్డలో చుట్టిన పసివాడు.
"అరవయ్యేళ్ళుగా ఇక్కడే పెడుతున్నాం, అప్పుడీ ఫారం లేదు"
అంటాడు ఏటా.
ఏటా సంతకం చేస్తాడు, కాగితం చిరిగేంత గట్టిగా.

రివ్కా శాండ్లర్‌ది తొమ్మిది కొమ్మల దీపస్తంభం.
ఎత్తు ఆరడుగులు, కరెంటు కావాలి.

ఈసారి డెస్మండ్ అనే కుర్రాడొచ్చాడు
చంకలో ఒక బోర్డుతో:
"పైన ఎవరూ లేరు. పక్కవాణ్ణి చూసుకోండి."
పక్క గడి వెర్లిన్‌ది.
ఆ వారమంతా నా ఫోను చల్లారలేదు.

కౌంటీ లాయరు నా బల్ల మీదికి వంగి
"ఇక చాలు, గళ్ళు నిండాయని చెప్పెయ్" అన్నాడు
గొంతు తగ్గించి.
నిండలేదు. ఒకటి మిగిలింది.

ఆఖరిరోజు, నాలుగున్నరకి,
ఓర్ఫా హోస్టెట్లర్ అనే ముసలావిడ
కళ్ళజోడు తుడుచుకుని ఫారం నింపింది.
పొడవు మూడడుగులు.
వెడల్పు మూడడుగులు.
ఎత్తు దగ్గర పెన్ను ఆగింది.
సున్నా చుట్టింది.
కరెంటు వద్దు.

మూడడుగులు అడిగినవాడి కథ
మాకు ఉగ్గుతోపాటు పట్టారు.
ఇస్తానని అనకముందే నా నడినెత్తిన
ఒక పాదం బరువు.
తలుపు సందులోంచి లాయరు
కమండలం కొమ్ములో దూరిన గురువులా
ఒంటికన్నుతో చూస్తున్నాడు.

వస్తువు గురించి అడగొచ్చు, నమ్మకం గురించి కాదు.
ఏం పెడతారని అడిగాను.
"ఏమీ పెట్టను.
అక్కడ ఇంకెవరూ ఏమీ పెట్టకుండా చూడమ్మా."
పాతిక డాలర్ల రుసుము
చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చింది.
ముద్ర కొట్టాను.

నాలుగు మేకులు, ఒక పురికొస.
ఫొటోలు తీసుకునేవాళ్ళు ఆ గడి దగ్గర
ఏదో పోయినట్టు వెతుక్కునేవారు.
ఒకడు చిన్నపిల్లాడు, తాడు లోపలికి చెయ్యి పెట్టి
వెంటనే తీసేశాడు.

డిసెంబరు పదో తారీఖు గాలికి
డెస్మండ్ బోర్డు ఎగిరి ఆ ఖాళీలో బోర్లా పడింది.
వెర్లిన్ తిట్టుకుంటూ వచ్చాడు,
తాడు దాటకుండా వంగి లాగి
దాని గడిలో దాన్ని నిలబెట్టాడు,
రాత గోడవైపు తిప్పి.
ఆ సమయానికి నేను
కిటికీలోంచి వేరే దిక్కు చూస్తున్నాను.

అడుగుతుంటారు, మీ దేవుడికి గడి తీసుకోలేదే అని.
వాళ్ళకు అడిగే హక్కుంది.
నా దీపం వంటింట్లో పప్పుల డబ్బాల పక్కన ఉంది,
దాని కొలతలు ఎప్పుడూ తీయలేదు.

క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు మంచు కురిసింది.
గాడిద వీపు మీద, దీపస్తంభం కొమ్మల మీద,
వెనక్కి తిరిగిన బోర్డు నెత్తిన.
మధ్యాహ్నం టిఫిన్ డబ్బాతో వెళ్ళి
తాడు బయట నిలబడ్డాను.
ఓర్ఫా గడిలో
బెత్తెడు మందాన పేరుకుంది మంచు,
ఒక్క అడుగు గుర్తు లేకుండా.

ఫారంలో ఎత్తు సున్నా అని ఉంది.
నిబంధన ప్రకారం నోటీసు పంపాలి.

పంపలేదు.