లాకు తలుపు

ఈ వారం షెడ్డుకి మూడు రోజులే రమ్మన్నారు.
ఐసు లారీ రాలేదు. చేతులు పొడిగా ఉన్నాయి.
రొయ్య తలలు తీసేవాళ్ళకి
పొడి చేతులంటే భయం.

సముద్రాల అవతలి దేశమొకటి
మన రొయ్య మీద సుంకం రెట్టింపు చేసిందట.
ఫలానా వాళ్ళతో స్నేహం మానండి,
ఫలానా వాళ్ళ చమురు కొనకండి,
అప్పుడు చూద్దాం అందట.
ఆకివీడు రోడ్డు టీకొట్టులో, టీవీలో మంత్రిగారు
బల్ల గుద్ది "తల వంచేది లేదు" అన్నారు.
నూకరత్నం గ్లాసు కింద పెట్టింది:
"ఆయన వంచకపోతే మానె.
పొద్దున్న అయిదింటి నించీ వంచిన నడుం నాది.
దాన్నెవరు లెక్కేత్తారు?"

చెరువులాయన నరసరాజుగారు అన్నారు,
"ఒప్పేసుకుంటే పోలా?
చమురు ఎక్కడిదైతే నాకేంటండీ,
యాభై కౌంటు రేటు మేత ఖర్చుకే చాలట్లేదు."
ఆయన మాటా అబద్ధం కాదు.

మా నాన్న ఏసుపాదం పెరవలి లాకుల మీద లస్కరు.
కింద సరంగులు బూతులు తిడుతున్నా
చక్రం పట్టుకుని నింపాదిగా అనేవాడు:
"నీళ్ళు తోత్తున్నాయని తలుపు తీయకూడదే అమ్మా.
తీద్దామన్నా రాదు.
అడుగున చిన్న తూము ఎత్తి కూచోవాల.
ఎగువా దిగువా ఒక మట్టానికొత్తే
నువ్వు తోసినా తెరుచుకుంటాది."
తొమ్మిదేళ్ళ దాన్ని, తోశాను.
ఏనుగంత తలుపు దూడలా కదిలింది.

బెదిరించినవాడికి ఇవాళ తలుపు తీస్తే
రేపు తాళంచెవి అడుగుతాడు.
వారం వడ్డీల మధ్య బతికినదాన్ని, నాకు తెలుసు.
అయినా, మనకే తప్పనిపించిన పనిని
వాడు మానమన్నాడని మానకపోతే
అప్పుడు మన చేత చేయిస్తున్నదీ వాడే కదా.
ఇది టీవీలో ఎవరూ అనలేదు.
నేనూ పైకి అనలేదు.

మట్టాలు కలిసేదాకా
పాచి గోడల మధ్య ఆగిన పడవలో
వాళ్ళేం తినేవారో నాన్న ఎప్పుడూ చెప్పలేదు.
ఒక ఎండాకాలం, చంటిబిడ్డతో ఒకామె పైకి చూసి
మంచినీళ్ళున్నాయా అంది.
నాన్న చక్రం వదల్లేదు.
చెంబుకి తాడు కట్టి నా చేతికిచ్చాడు,
"మెల్లిగా దింపు, తొణక్కుండా."

రేపు షెడ్డు ఉందో లేదో
రాత్రికి ఫోన్ చేస్తానన్నాడు సూపర్‌వైజరు.
పదిన్నరైంది.
ఛార్జింగ్ పెట్టి, పక్కనే కూచున్నాను.