చేబదులు

సాంచాలు ఆగినయంటే పిల్ల లేస్తది.

కడుపుల ఉన్నప్పటి సంది విన్న సప్పుడాయె,
టకటక టకటక, దానికి అదే జోల.
కరెంటు పోయి సిరిసిల్ల బీవై నగర్ గల్లీ
ఒక్కపారి నోరు మూసుకుంటే
మా ఇంట్ల ఒకటి, గోడవతల ఒకటి,
మూలమీది రేకుల షెడ్డుల ఒకటి
మూడు గొంతులు తెరుచుకుంటయి.

రాత్రి రెండున్నర.
కుట్ల మీద చెయ్యి ఒత్తిపెట్టుకొని లేచేసరికి
పిట్టగోడ మీద ఫోన్ లైటు.
"రవళీ, ఇయ్యాల ముందు మోగింది నీదా, నాదా?"
నస్రీన్.
ఆమెకు ముప్పై నాలుగో రోజు, నాకు పంతొమ్మిది.
గల్లీల ఆమెనే పెద్దమనిషి.

మొదటి వారం పాలు గడ్డకట్టి
రొమ్ములు రాళ్లయి, జరమొచ్చి వణుకుతుంటే
అమ్మ వాము కషాయమంటది, అత్తమ్మ దిష్టంటది.
నస్రీన్ గోడ దూకలేదు, దూకే ఒళ్లా అది.
తన బిడ్డను సంకనేసుకొని చుట్టూ తిరిగొచ్చింది.
ఉడుకునీళ్లల్ల తువ్వాల ముంచి, పిండి,
"పండ్లు బిగవట్టు" అన్నది.
బిగవట్టిన.
మొదటి ధార ఆమె ముంజేతి మీద పడ్డది.
తుడుచుకోలే.

ఊరంతా పాలిస్టరే నేస్తది,
ఉచ్చ పీల్చే గుడ్డ ఒక్క మూర దొరకది.
నస్రీన్ వాళ్ల మామ పాత నూలు లుంగీ
మూడు ముక్కలు చింపి పంచుకున్నం.
ఇప్పుడు మూడు దండేల మీద
ఒకటే గళ్లు ఆరుతుంటయి.

మూలమీది మనిషి పేరు సంజుక్త.
సాంచ నడిపే మొగనితోని ఒడిశా నుంచి వచ్చింది.
కాళ్ల మీద బోర్లేసుకొని పిల్లగానికి నీళ్లు పోసే అమ్మ లేదు,
తప్పు పట్టే అత్త సుత లేదు.
తొమ్మిదో రోజే బోరు కాడ బిందె ఎత్తుతుంటే
మా అత్తమ్మ చూసింది.
బీడీల చాట పక్కకు జరిపి
తంబాకు వాసన పోయేదాక మూడుసార్లు
సబ్బుతోని చేతులు కడిగి పోయింది.
ఆ పిల్లగానికి నీళ్లు పోసొచ్చి నన్నే తిట్టింది:
"పక్కన బాలింత ఉన్నదని చెప్పనక్కర లేదా?"

ఆ సంజుక్తకే చెప్పిన నేను.
తెలుగు రాదని ధైర్యం.
మొన్న పగటీలి
మా పిల్లను ఆమె ఒళ్లె, వాళ్ల పిల్లగాన్ని నా ఒళ్లె ఏసుకొని
అట్లైతే ఇద్దరూ ఏడ్వరు, ఎందుకో తెల్వది
గోడ దిక్కు చూసుకుంట అన్న:
"అందరు ముద్దొస్తున్నదంటరు.
నాకేం రాట్లే.
పాలిస్తున్న, కడుగుతున్న, ఊపుతున్న.
ఎవరి పిల్లనో చూసుకుంటున్నట్టున్నది."

ఆమె చానసేపు మాట్లాడలే.
మా పిల్ల చెవి వెనక ఎండిన పాల చార
గోటితోని మెల్లగ గీకి తీసి
"నాకి కూడా" అన్నది.

నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో,
కుట్లు మాత్రం నొచ్చినయి.

అత్తమ్మ బీడీల లెక్కల బుక్కు వెనక పేజీల
రాద్దామనుకున్న:
నస్రీన్‌కు గంటన్నర నిద్ర బాకీ.
సంజుక్తకు
అక్కడ పెన్ను ఆగింది.
కట్టలకు, వేలకు గీసిన ఆ గడుల్ల
ఈ చేబదులు పట్టేటట్టు లేదు.

మూడు దాటింది.
ముగ్గురం పిట్టగోడ కాడ,
భుజాల మీద మూడు మూటలు,
ఎవరి బిడ్డ వీపు ఎవరు తడుతున్నరో
చీకట్ల తెల్వది.
కరెంటొచ్చింది.
ముందు ఒక సాంచ, ఎనకనే పది,
ఇగ గల్లీ గల్లంత.
పిల్లలు ఒక్కొక్కరే మెడలు వాల్చిన్రు.

సంజుక్త ఏందో అన్నది.
ఆ సప్పుట్ల వినపడలే.
సరే అన్న.