అద్దానికి రాత్రి కాలేదు

పోర్ట్ అగస్టా నుంచి వైయాలాకి డెబ్బై అయిదు కిలోమీటర్లు.
ఆసుపత్రి ల్యాబులో రాత్రంతా రక్తాలు పరీక్షించి
తెల్లారకముందే ఇల్లు చేరే దారి.
రెండు పక్కలా ఉప్పుపొదలు,
మధ్యలో నేను,
నా వెనక ఎప్పుడూ ఒక రోడ్ ట్రెయిను.

దాని దీపాలు అద్దంలోకి దిగేవి,
అద్దంలోంచి నా కళ్ళలోకి.
"దానంతటదే మసకబారుతుందండీ" అని
కారు అమ్మినవాడు ఎంత మురిపెంగా చెప్పాడో!
మసకబారింది నా చూపే.
మెడ పక్కకి వంచి, భుజం ఎత్తి,
ఎవరో చెంప పగలగొడతారని కాచుకున్నదానిలా
దారి పొడుగునా నడిపేదాన్ని.

షోరూములో అద్దం మొత్తం మార్చాలన్నారు.
తొమ్మిది వందల నలభై డాలర్లు, కూలి వేరే.
ఆ కాగితం మడిచి గ్లవ్ బాక్సులోకి తోశాను.

ఎదురింటి డోరీన్‌కి డెబ్బై మూడేళ్ళు.
ఉక్కు ఫ్యాక్టరీ బళ్ళకి తీగలు కలిపిన చేతులు
ఇప్పుడు గులాబీ కొమ్మలు కత్తిరిస్తున్నాయి.
"ముందు ఫ్యూజు, తర్వాత తీగ,
ఆ తర్వాతే పర్సు" అంది,
కత్తెర జేబులో వేసుకుని రోడ్డు దాటుతూ.

ఫ్యూజు బాగానే ఉంది.
మీటరు పన్నెండు చిల్లర చూపించింది.
రివర్స్ గేరు తీగని ముట్టి చూసింది:
అది ఎక్కడైనా అంటుకుపోతే
బండి ఎప్పుడూ వెనక్కే పోతోందనుకుని
అద్దం రెప్ప వాల్చదట. అదీ కాదు.
లోపలి జెల్లు కారిందేమోనని
అంచుల వెంట గోధుమరంగు మరక వెతికింది. లేదు.
"ఒంట్లో జబ్బేం లేదు దీనికి.
ఏదో భ్రమలో ఉంది."

దానికి రెండు కళ్ళు.
ఒకటి వెనక్కి, ఒకటి ముందుకి.
ముందు చీకటి కనపడితే తప్ప
వెనక వెలుగు గుచ్చుకుంటుందని నమ్మదు.

గ్యారేజీ తలుపు దించి, లైటు ఆర్పి,
ముందుకంటి మీద బొటనవేలు పెట్టి
వెనక కంట్లోకి టార్చి కొట్టింది.
నీళ్ళలో సిరా వదిలినట్టు
అద్దం మెల్లగా నల్లబడింది.
వేలు తీసింది. మళ్ళీ తళతళ.

"ఇంత చీకట్లో దీనికి
పగలెవరు చూపిస్తున్నారు?"

నిరుడు రౌండెబౌట్ దగ్గర ఒకడొచ్చి గుద్ది
తప్పు నాదేనని ఒట్టేసి చెప్పాడు.
ఆ సాయంత్రమే కొని
ముందద్దానికి అతికించాను కెమెరా,
నా తరఫున ఒక సాక్షి ఉండాలని.
మెలకువగానే ఉన్నానని చెప్పడానికి
దాని వీపున ఆవగింజంత నీలం దీపం.
ఆ దీపానికి సరిగ్గా రెండు వేళ్ళ ఎడంలో
అద్దం ముందుకన్ను.

గోరంత వెలుగు చూసి
కొండంత పగలనుకుంది పిచ్చిది.
పద్నాలుగు నెలలుగా దానికి రాత్రే కాలేదు.
నాకు నవ్వొచ్చింది.
తర్వాత అంతగా రాలేదు.

గులాబీల కత్తెరతోనే
చిటికెనగోరంత నల్ల టేపు కత్తిరించి
ఆ దీపం మీద అద్దింది డోరీన్.
ఎంత ఇవ్వమంటావంటే,
"బియ్యం కడిగిన నీళ్ళు పోస్తే బాగా పూస్తాయన్నావుగా,
ఒక బకెట్టు పట్రా."

గురువారం, తెల్లవారుజామున నాలుగు.
వెనక వెలుగు లేచింది.
మెడ దానంతటదే వంగింది, పాత అలవాటు.
అద్దం ఒక్క క్షణం ఆలోచించి
కళ్ళు సగం మూసింది.
రెండు గుండ్రటి దీపాలు,
వాటి పైన వరసగా నారింజరంగు చుక్కలు.
అంతే. అంతకుమించి ఏమీ లేదు.

వేగం తగ్గించి దారిచ్చాను.
పక్కనుంచి పోతోంది, పోతోంది, ఎంతకీ అయిపోదే!
అంతస్తులు అంతస్తులుగా కటకటాలు,
సందుల్లోంచి తడి ముక్కులు.
ఇన్ని నెలలూ నన్ను తరుముతోందనుకున్నది
గొర్రెల మంద.
వాటిలో ఒకటి నావైపు చూసింది,
నాకన్నా నిద్రమొహంతో.

కిటికీ దించాను. ఉన్ని వాసన, పెంటిక వాసన.
అద్దం తిరిగి తేటపడటానికి
కొంచెంసేపు పట్టింది.
నేను తొందరపెట్టలేదు.