తాత్కాలిక గైర్హాజరు

మార్చి రెండో శనివారం, డులూత్ లైబ్రరీ నేలమాళిగ.
మడత బల్ల నాది, పైన వేలాడే అంకె ఏడు.
అడిగినవాళ్లకి ఉచితంగా పన్ను కాగితాలు నింపిపెడతాను.
ముప్ఫై ఏళ్లు ఓడల్లోకి ఇనుపరాయి ఎత్తించినవాణ్ణి,
బరువులు నాకు కొత్త కాదు.

వెర్నా హాల్వర్సన్ వచ్చింది, స్కూలు బస్సు తోలే మనిషి.
బూట్ల మీద మంచు ఇంకా కరగలేదు,
రొట్టె కవరు నిండా రసీదులు.
"నా ఫారం తిప్పికొట్టారు," అంది,
"నా కొడుకుని ఎవరో ముందే రాసేసుకున్నారట."

ఎవరో కాదు, వాడే.
ఫిబ్రవరిలో, రెండు వందల పది డాలర్ల వాపసు కోసం,
హాస్టల్ మంచం మీద వెల్లకిలా పడుకుని ఫోన్‌లో
'నన్ను ఇంకొకరు తమ మీద ఆధారపడినవాడిగా చూపించవచ్చు'
అన్న గడిని ఖాళీగా వదిలేశాడు టోర్బెన్.
"బుద్ధిలేని వెధవ. దిద్దండి," అంది.

ప్రశ్నలు నేను పుట్టించినవి కావు, వరసగా అడగాలి.
వయసు? ఇరవై రెండు.
చదువు? మినియాపొలిస్‌లో, వంతెనలు కట్టే చదువు.
ఏడాదిలో సగానికి పైగా మీ ఇంట్లోనే ఉన్నాడా?
ఆమె వేళ్లు మడవడం మొదలెట్టింది:
థాంక్స్‌గివింగ్‌కి నాలుగు రాత్రులు, క్రిస్మస్‌కి పదకొండు,
జూన్‌లో ఒక వారం, జ్వరం తగిలినప్పుడు ఆరు...
ఇరవై ఎనిమిది దగ్గర వేళ్లు ఆగిపోయాయి.

అప్పుడు చెప్పాను, ఈ బల్ల దగ్గర నాకు ఇష్టమైన ఒకే ఒక్క మాట:
చదువుకి వెళ్లినవాడు వెళ్లినట్టు కాదు,
చట్టం కళ్లకి ఇంట్లో ఉన్నట్టే.
తాత్కాలిక గైర్హాజరు అంటారు దాన్ని.
మిగతా మూడు వందల ముప్ఫై ఏడు రాత్రులూ
వాడు మీ మేడమీదే పడుకున్నాడు.

కాసేపు ఏమీ అనలేదు.
"ఆ గదిలో హీటర్ యాభై ఐదు ఫారెన్‌హీట్ దగ్గర ఉంచుతాను,
పైపులు గడ్డకట్టకుండా," అంది.
పైపుల కోసమే అయితే
ముఖం అటు తిప్పుకోవడం ఎందుకో.

ఆ గది అద్దెకిస్తే ఎంతొస్తుంది? అదీ రాయాలి.
"ఎవడు దిగుతాడు అందులో? హాకీ గ్లౌజుల కంపు!"
నెలకి నాలుగు వందలు వేసుకున్నాను.
పన్ను పూడ్చిన డాక్టరు బిల్లు, ఫోన్ బిల్లు,
గుడ్లు, గుడ్లు, మళ్లీ గుడ్లు,
మంచు టైర్లు రెండు
(నాలుగు కొనలేదా అంటే, మిగతా రెండూ తన కారువి విప్పి ఇచ్చిందట).

కవరు అడుగున బ్యాంకు కాగితం.
పదకొండు వేలు అప్పు. సంతకం టోర్బెన్‌ది, ఒక్కడిదే.
అప్పు తెచ్చి తిన్నా సొంతంగా తిన్నట్టే లెక్క,
తీర్చాల్సినవాడు వాడే కాబట్టి.
రెండుసార్లు కూడాను. మూడోసారి పెన్సిల్ లాక్కుని తనే కూడింది.
వాడి పోషణలో సగం కంటే
మూడు వందల నలభై డాలర్లు ఎక్కువ, వాడి వైపే.

వాడు ఇప్పుడు వాడివాడే.
కష్టపడి సంపాదించి కాదు, బాకీపడి.
బుద్ధిలేని వెధవ సరిగ్గానే వదిలేశాడు ఆ గడిని.

"తీరడానికి ఎన్నేళ్లు?"
ఇరవై అని ఉంది.
"అప్పటికి వాడికి నలభై రెండు," అంది,
ఇదొక్కటీ లెక్క వేయక్కర్లేకుండా.

కొడుకు పేరు తీసేసిన ఫారం మీద సంతకం చేస్తూ, తలెత్తకుండా,
"ట్రిప్పు అయ్యాక బస్సు చివరిదాకా నడవాలి, రూలు," అంది,
"ఏ పిల్లాడైనా సీట్లో నిద్రపోయి మిగిలాడేమోనని.
పంతొమ్మిదేళ్లలో ఒక్కడూ మిగల్లేదు.
అయినా సీటు సీటూ వంగి చూస్తాను."

ఎనిమిదో అంకె పిలిచాను.
ఆమె కుర్చీ కింద బూట్ల నీళ్లు
అప్పటికింకా గోరువెచ్చగా కూడా కాలేదు.