ఒకప్పుడు పాలకేంద్రం ఉన్న చోటు నుంచి

కవరు మీద రాసింది ఇంతే:
తెల్మా ఓపోర్తా,
ఒకప్పుడు పాలకేంద్రం ఉన్న చోటు నుంచి
సరస్సు వైపు రెండు వీధులు,
పైకి ఒక వీధి, ఇంకో పది గజాలు,
రేకు గేటు. కుక్క కరుస్తుంది.

ఎవెనోర్ పోస్టాఫీసులో చేరి ఆరు రోజులు.
డెబ్భై రెండు డిసెంబరులో, అర్ధరాత్రి దాటాక
మనాగువా ఒళ్ళు విదిల్చుకున్నప్పుడు
పాలకేంద్రం పోయింది.
అప్పటికి వాళ్ళమ్మకి పాలపళ్ళైనా రాలేదు.

ఈ ఊళ్ళో వీధుల పేర్లు ఎవరికీ పట్టవు.
సూర్యుడు ఎక్కే వైపు పైకి,
దిగే వైపు కిందికి.
దక్షిణం ఒక్కటే దక్షిణం.
ఉత్తరాన్ని మాత్రం సరస్సు అంటారు,
నీళ్ళు కనపడకపోయినా,
నడుమ ఎన్ని మేడలు లేచినా.

అడిగితే అందరికీ తెలుసు.
టైర్లకి గాలి కొట్టేవాడు చెయ్యి చాపాడు.
లాటరీ టిక్కెట్ల ఆవిడ
రెండు చేతులూ ఖాళీగానే ఉన్నా
మూతి ముందుకి సాచి చూపించింది.
ఆయనదొక దిక్కు, ఈవిడదొక దిక్కు.
అనుమానమన్నది
ఏ గొంతులోనూ వీసమెత్తు లేదు.

పన్నెండయింది. ఏప్రిల్ ఎండ.
సూర్యుడు నడినెత్తిన బాసింపట్టు వేసి
పైకీ కిందికీ తేడా చెరిపేశాడు.
నీడ చెప్పుల కిందకి దూరింది.
చేతిలో ఉత్తరం ఉంది,
ఉత్తరం ఎటో తెలియలేదు.

మొక్కజొన్న రొట్టెలు కాల్చే దోన్యా క్రెసెన్సియా
వాణ్ణి అప్పటికే చాలాసేపు చూసింది.
"ఊరందర్నీ అడిగావు, నా పొగని అడగవేంరా?"
పెనం పక్కనుంచి లేచిన పొగ
చెప్పినమాట వినే పిల్లలా
ఒకే వైపు వాలిపోతోంది.
"ఎండాకాలమంతా గాలి పైనుంచే.
పొగ వాలేది కిందికి.
దాన్ని ఎడమచేతి వైపు ఉంచుకో,
నీ ముక్కుకి సూటిగా సరస్సు."

అడ్రసు చదివించుకుంది, రెండుసార్లు.
"పాలకేంద్రమా? నువ్వు నిలబడ్డది
దాని గుమ్మంలోనే కదా."

వాడు గబుక్కున పక్కకి జరిగాడు.
ఎందుకు జరిగాడో వాడికే తెలియదు.

రొట్టెల మీద గుడ్డ కప్పి ఆవిడే బయల్దేరింది.
ఒక వీధి. రెండో వీధి చివర వీధి లేదు.
గడ్డి, బీటలువారిన గచ్చు,
గచ్చులోంచి తల ఎత్తిన బొప్పాయి మొక్క,
దాని మీద ఆశ పెట్టుకున్న ఒక మేక.
దగ్గర దారి కదా అని
ఎవెనోర్ అడ్డంగా పడి నడిచాడు.

"ఒరేయ్! గోడలోంచి నడుస్తావా?"

ఆవిడ మాత్రం
లేని మందుల షాపు అంచు వెంట తిన్నగా వెళ్ళింది.
మోకాళ్ళ నొప్పి, ఆయాసం,
మధ్యలో ఒకసారి నిలబడి ఊపిరి పీల్చుకుంది,
అయినా చుట్టే.
మూల దగ్గర
గాలి మీద అరచెయ్యి ఆన్చి
పైకి తిరిగింది.

రేకు గేటు ఉంది. కుక్క లేదు.
"అది పోయి పదకొండేళ్ళు," అంది తెల్మా,
ఎవరు రాశారో చూడకుండానే కవరు అందుకుని.
"రాయొద్దని అన్నయ్యకి చెబుదామనే అనుకుంటాను.
మరి కుక్కని తీసేస్తే
ఇల్లెలా తెలుస్తుంది?"

క్రెసెన్సియా అక్కడే కూలబడింది,
చల్లటి నీళ్ళకీ, ఎవరి కూతురో
ఎవరితోనో వెళ్ళిపోయిన కబురుకీ.

తిరుగుదారిలో వాడొక్కడే.
గడ్డి మీద పిల్లలు బంతాడుతున్నారు.
మందు సీసాల మధ్యనుంచి, గల్లాపెట్టె మీదుగా
అటూ ఇటూ పరిగెడుతున్నారు,
ఒక్కటీ పగలడం లేదు.
ఎవెనోర్ గడ్డిలో కాలు పెట్టబోయి ఆగాడు.
ఎవరైనా చూస్తున్నారా అని చూశాడు.
మేక చూస్తోంది.

చూస్తే చూడనీ అనుకుని
అంచు వెంటే నడిచి,
మూల తిరిగేటప్పుడు
గోడకి గీసుకోకుండా
సంచీ ఉన్న భుజం
కొంచెం లోపలికి ముడుచుకున్నాడు.