జానెడు ఎత్తులో

ఉమ్లాజీలో రాత్రి రెండు దాటింది.
నా గదికి కిటికీ లేదు.
ల్యాప్‌టాప్‌లో మూడు మీటలు ఊడిపోయాయి.
కిక్ మాత్రం గట్టిగానే ఉంది,
నేల కిందినుంచి ఎవరో తలుపు తడుతున్నట్టు.

పదహారు బార్లు పైకి లాగుతాను.
ముందు బాస్‌ను తీసేస్తాను,
ఇంట్లో మనిషి చెప్పాపెట్టకుండా లేచి వెళ్ళినట్టు.
ఏం పోయిందో చెవికి తెలియదు,
పోయిందని ఒంటికి తెలుస్తుంది.
తర్వాత స్నేర్‌ను సగానికి కోస్తాను,
ఆ సగాన్ని మళ్ళీ సగానికి,
రేకుల మీద వడగళ్ళంత దగ్గరయ్యేదాకా.
ఫిల్టర్ తెరుస్తూ తెరుస్తూ పోతాను
పాలు గిన్నె అంచుకొచ్చేదాకా.
అప్పుడు కొడతాను, దభీమని.

పడదు.
అన్నీ ఉన్నాయి, పడదు.
ముక్కు కొసదాకా వచ్చి
వెనక్కి పోయిన తుమ్ములా.

ఇంకో రైజర్ కలిపాను. సైరన్ కలిపాను.
పక్కన పడుకున్న తమ్ముడి దగ్గు రికార్డు చేసి
దాన్నీ కలిపాను.
వాడు నిద్రలోనే ఒక తిట్టు తిట్టాడు.
ఆ తిట్టే నా పాటకన్నా సమంగా పడింది.

తెల్లారి ఆరింటికి అమ్మ వచ్చింది.
డర్బన్ రేవులో క్రేన్ నడుపుతుంది, పదకొండేళ్ళుగా.
బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి
మూడుసార్లు వింది.
"ఊగుతుండగానే దించేస్తున్నావు" అంది.

ఏమిటమ్మా ఊగేది?

అమ్మ చేతిలో టీ కప్పు పైకి లేచింది.
"ఓడలోంచి పెట్టె లేస్తుంది. నలభై అడుగుల ఇనుము.
సముద్రపు గాలికి అది ఊగుతుంది.
కింద లారీవాడు మెడ ఎత్తి చూస్తుంటాడు.
కొత్తవాళ్ళు ఆ చూపుకి జడిసి
గబుక్కున దించుతారు, లారీ నడుం విరుగుతుంది.
నేను జానెడు ఎత్తులో ఆపుతాను.
ఆపి, ఏమీ చెయ్యను.
చేతులు దురద పెడతాయి, అయినా చెయ్యను.
ఊపు తనంతట తనే చచ్చాక
పెట్టె కూర్చుంటుంది.
ఒక్కటే చప్పుడు.
ఆ ఒక్క చప్పుడుకే నాకు జీతం."

కప్పు బల్లకు తగిలింది. సరిగ్గా.

అమ్మ పడుకుంది.
నేను సైరన్ చెరిపాను, దగ్గు చెరిపాను,
రెండో రైజర్‌ని కాస్త ఏడుస్తూనే చెరిపాను.
దెబ్బకు ముందు ముప్పావు మాత్ర ఖాళీ పెట్టాను.
ప్రతిధ్వని తోక కూడా మిగలని ఖాళీ.
తెరమీద అది
పన్ను ఊడిన చోటులా కనిపించింది.

శనివారం వుసుముజి టాక్సీలో పరీక్ష.
వెనక సీటు కింద రెండు స్పీకర్లు,
పదహారుమంది పట్టేచోట పద్దెనిమిదిమంది.
అతను ఎవర్నీ మెచ్చుకోడు.
నచ్చకపోతే రేడియో వార్తలు పెడతాడు, అంతే.

పాట ఎక్కుతోంది.
ఒకామె ఒళ్ళో క్యాబేజీలు కదులుతున్నాయి.
తలుపు బోల్టు కటకట కొట్టుకుంటోంది.
బడిపిల్లాడొకడు, ఏదో రాబోతోందని తెలిసి,
ముందు సీటు పట్టుకున్నాడు.
స్నేర్లు ముసురుకున్నాయి.
తెగింది.

ఖాళీ.

ఆ ఖాళీలోకి వెనకనుంచి ఒక ముసలమ్మ గొంతు,
"రోబో దాటాక ఆపు నాయనా!"
(ఎర్రదీపాన్ని మేం రోబో అంటాం.)
మూడు స్టాపులనుంచి పాపం
మాట దూర్చే సందు కోసం కాచుకుందేమో.

కిక్ పడింది. బ్రేకూ పడింది.
తలలు, క్యాబేజీలు, సంచులు, నా గుండె,
అన్నీ ఒకేసారి ముందుకి వచ్చి
ఒకేసారి వెనక్కి వాలాయి.

ముసలమ్మ దిగుతూ
ఒక కాలు నేలమీద, ఒక కాలు మెట్టుమీద ఉంచి
స్పీకర్ వైపు చూసి అడిగింది:
"ఇంతసేపూ దీనికోసమేనా?"

వుసుముజి వార్తలు పెట్టలేదు.
అద్దంలో నన్ను చూడనూ లేదు.
పాటను మొదటికి తిప్పాడు.

ఇంటికొచ్చి ఫైలు తెరిచాను.
ఖాళీని ఇంకో పావు పెంచితే?
దాని చుట్టూ ఒక చిన్న గంట కడితే?
చేతులు దురద పెట్టాయి.
వాటిని తొడల కింద పెట్టుకొని
కూర్చున్నాను.