గొడుగు తిరిగి ఇచ్చే రోజు

తుఫానప్పుడు కరీమూన్ దగ్గర తెచ్చుకున్న గొడుగు
మూడు నెలలు దాటింది,
మా తలుపు వెనక గబ్బిలంలా వేలాడుతోంది.
ఇవాళ రెండు జాకెట్లకు కాజాలు కుట్టి,
హుక్కులు రేపటికి వదిలి,
మిషను మీద దుప్పటి కప్పేశాను.
ఇచ్చి రావాలి.

పొద్దున ఆరింటికి ఎదురిల్లు లేదు.
పాల మాల్యాద్రి
ముందు సైకిల్ బెల్లయ్యాడు, ఆనక మనిషయ్యాడు.
"పూత మీద ఇంత మంచు పడితే
కాయేం నిలబడుద్దక్కా" అంటూ
నేనే కురిపించినట్టు నా వైపు చూశాడు.
శివరాత్రి వెళ్ళి మూడు వారాలు.
శివశివా అంటూ పోవాల్సిన చలి
వీధి చివరిదాకా వెళ్ళి
ఏదో మర్చిపోయినట్టు వెనక్కొచ్చింది.

తొమ్మిదికల్లా ఎండ.
అప్పు వసూలుకొచ్చిన మనిషిలా
చెప్పులతోనే నడింట్లోకి.
శాలువా కప్పుకుని బయల్దేరినదాన్ని
హైవే దాటేలోపే నడుముకు చుట్టుకున్నాను.
మా ఉలవపాడును ఒకసారి ఆ జిల్లా అంటారు
ఒకసారి ఈ జిల్లా అంటారు,
బోర్డులు రాసేవాడికి రంగు చాలడం లేదు.
ఈ ఆకాశం కూడా
అదే ఆఫీసులో పనిచేస్తున్నట్టుంది.

కరేడు రోడ్డెంట మామిడి తోటలు.
ఒకే చెట్టుకి ఒక కొమ్మ పూత,
ఒక కొమ్మ రేగ్గాయంత పిందెలు,
ఇంకో కొమ్మ ఏమీ పట్టనట్టు ఎర్రటి లేతాకు.
తేనెమంచు పట్టిన ఆకులు వేలికి జిగురు.
లోపలెక్కడో మందు కొట్టే మోటారు.
పూత వాసనా మందు వాసనా
ఒకే ఊపిరిలో లోపలికి పోయాయి,
వేరుచేయడం నా వల్ల కాలేదు.

మోపెడ్ మీద ఓ పెద్దాయన నెమ్మదించి
"గొడుగు ఎండకా, వానకా?" అన్నాడు.
"కరీమూన్‌కి" అన్నాను.
అర్థమైనట్టే తలూపి పోయాడు.

చప్టా దగ్గర గాలి మారింది.
అప్పటిదాకా సరుగుడు తోటల అవతల
తన పని తాను చూసుకుంటున్న సముద్రం
ఒక్కసారి మా రోడ్డు గుర్తొచ్చినట్టు తోసింది.
దుమ్ములో నాలుగు చినుకులు, రూపాయి బిళ్ళలంత.
రోడ్డు మీద వేరుశనక్కాయలు ఆరబోసినాయన
పట్ట ఈడుస్తూ కేకేశాడు:
"అమ్మే, ఆ కొస పట్టుకో!"
పట్టుకున్నాను. రాళ్ళు పెట్టాను.
నాలుగో రాయి పెట్టేసరికి వాన ఆగింది.
ఇద్దరం పైకి చూశాం.
తిట్టడానికి అక్కడ ఎవరూ లేరు.
గొడుగు మాత్రం వెల్లకిలా తిరిగి
ఒక పుల్ల విరిగి
నా చేతిలో పువ్వులా నిలబడింది.

కరీమూన్ ఇంట్లో లేదు.
తోట కంచె పక్కన వంగి,
గాలికి రాలిన పిందెలు కొంగులో ఏరుకుంటోంది.
తల ఎత్తి ముందు గొడుగును చూసింది,
తర్వాతే నన్ను.
"ఏందిమే, మంచిగుండేదాన్ని ఎట్ట జేసినావా?"
"నేను కాదు, మీ సముద్రం."

గట్టు మీద కూచున్నాం.
పిందె కొరికితే దవడలు జివ్వుమన్నాయి,
కన్ను మూతపడింది.
కరీమూన్‌ది ఒక్కపొద్దు,
ఉమ్మి కూడా మింగకుండా
నా నోటి వైపే చూస్తూ
"ఉప్పు తెద్దునా? ఎంత పులుపుంది? చెప్పు" అంది.
చెప్పాను. పులుపు గురించి
అంతసేపు ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు.

లేచేటప్పుడు గొడుగు ఇవ్వబోయాను.
ఆమె చెయ్యి చాచలేదు.
"బాగుచేయించి తేమ్మే" అంది, "తొందరేం లేదు."
వెల్లకిలా ఉన్న ఆ గొడుగులోనే
కొంగులోని పిందెలన్నీ గుమ్మరించింది.

వచ్చేటప్పుడు మళ్ళీ ఎండ.
పట్ట తీసేసి కాయలు నెరుపుతున్నాడాయన.
మోపెడ్ పెద్దాయన ఎదురొచ్చి
ఈసారి అడగలేదు, లోపలికి తొంగి చూశాడు.
రెండు పిందెలు ఇచ్చాను.

తలుపు వెనక మేకు ఖాళీగానే ఉంది.
పప్పు ఉడికేలోపు హుక్కులు కుట్టేయొచ్చు,
కానీ బయట మళ్ళీ మబ్బేసింది,
చూడకపోతే ఎట్లా.